ఎర్ర దారం లేని పువ్వులు

పత్తిచేలో నడిచేటప్పుడు ఇప్పటికీ రెండు చేతులూ వెనక్కి కట్టుకుంటాను. చూసినవాళ్లు పెద్దరికం అనుకుంటారు. పెద్దరికమా, నా మొహమా! నా వేళ్లను నేను నమ్మను, అంతే.

మొగ్గ ఎప్పుడు పువ్వవుతుంది, పువ్వులో ఏ కణం ఏ రోజు ఏమవుతుంది అని చదివే మాలాంటి కుర్ర పరిశోధకులకు నంద్యాలలో రెండు వారాల శిక్షణ పెట్టారు. ఊరి బయట పరిశోధన క్షేత్రం, నల్లరేగడి నేల, అందులో మా కోసం వదిలిన నాలుగు సాళ్ల పత్తి. మిగతావాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చి హాస్టల్లో దిగారు. నేను మాత్రం ఆళ్లగడ్డ నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని. శిక్షణ నడిపే మేడం చివరి రోజు మాలో ఒకరిని తన ల్యాబులోకి తీసుకుంటానని ముందే చెప్పింది. ఆ సీటు మీద నాకెంత ఆశంటే, పక్కవాడు మైక్రోస్కోపు కింద మొగ్గను నాకంటే పల్చగా కోస్తే ఆ పూట అన్నం సయించేది కాదు.

మొదటి రోజు పరిచయాల్లో "మాది వ్యవసాయ కుటుంబం" అన్నాను. పచ్చి అబద్ధం కాదు గానీ నిజమూ కాదు. మాకు సెంటు భూమి లేదు. మా అమ్మ విత్తన పత్తి చేలల్లో క్రాసింగ్ కూలికి పోయేది. ఇంటర్ దాకా నా దసరా సెలవులన్నీ ఆమె వెంట చేలోనే. క్రాసింగ్ అంటే తుమ్మెదలు చేసే పని మనుషులు చేయడం. రేపు విచ్చే మొగ్గను ఈ సాయంత్రమే కనిపెట్టి, బొటనవేలి గోటితో గీరి రేకులూ పుప్పొడి తిత్తులూ ఊడదీయాలి. మర్నాడు పొద్దున మగ మొక్క పువ్వు తెచ్చి దానికి రుద్ది, కాడకు ఎర్ర దారం కట్టాలి. మన కన్నుగప్పి తనంతట తాను విచ్చిన పువ్వు కనిపిస్తే అక్కడికక్కడే గిల్లి పారేయాలి, లేకపోతే విత్తనం కల్తీ. ఒక్కటి వదిలినా మేస్త్రీ అమ్మను నానా మాటలూ అనేవాడు. దారం లేని పువ్వంటే నాకు చిన్నప్పటి నుంచీ పగ.

శిక్షణలో మాకిచ్చిన పని దీనికి సరిగ్గా తలకిందులు. పత్తి పోగు పుట్టేది కాయ పగిలినప్పుడు కాదు, పువ్వు విచ్చిన రోజే. లోపలున్న పసిగింజ పైపొరలో కొన్ని కణాలు ఆ రోజే ఉబికి పైకి లేస్తాయి. ఎంత చదివినా ఆ ముచ్చట కళ్లతో చూస్తేనే తృప్తి. అది చూడాలంటే విచ్చిన పువ్వులను చెట్టు మీదే వదిలి, ఆ రోజు కొన్ని, మర్నాడు కొన్ని, మూడో నాడు కొన్ని కోసుకోవాలి. అందుకని ఒక సాలు మొగ్గలకు తెల్ల కాగితం చీటీలు కట్టి, వారం పాటు రోజూ కొలిచి రాసుకున్నాం. అవి విచ్చే రోజు రానే వచ్చింది.

ఆ పొద్దున అందరూ టిఫిన్ దగ్గరున్నారు. నేను బస్సు దిగి నేరుగా చేలోకి నడిచాను. బుర్ర నిండా ఆ సీటే. మేడం అడిగితే ఏం చెప్పాలి, ఎలా చెప్తే మెచ్చుకుంటుంది అని ఆలోచిస్తూ సాలు చివరికొచ్చాను. చేయి చూసుకుంటే వేళ్లకు పసుపుపచ్చని పుప్పొడి. వెనక్కి తిరిగి చూస్తే సాలు పొడుగునా నేల మీద పువ్వులు. ఒక్కటి మిగల్లేదు. నా చేతులు వాటిపాటికి అవి ఎర్ర దారం కోసం వెతికి, అది కనపడక, అన్నీ గిల్లేశాయి. తెల్ల చీటీలు వాటి లెక్కలోకే రాలేదు.

పరిగెత్తి వెళ్లి చెప్పాల్సింది. నేను కొళాయి దగ్గరికెళ్లి చేతులు కడుక్కున్నాను.

కాసేపటికి అందరితో పాటు మేడం వచ్చి, నేల మీద పువ్వులు చూసింది. ఆ మడిలో కలుపు తీసే పెద్దమ్మ ఒకామె ఉండేది, మా అందరికంటే ముందే పనిలోకి దిగేది. క్షేత్రం సూపర్‌వైజరు వెనకాముందూ చూడకుండా ఆమె మీద పడ్డాడు.

"ఏందిమ్మా ఈ పని? చీటీలు కట్టినేటివి ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పినా?"

ఆమె వంగి ఒక పువ్వు తీసుకుని, గిల్లిన చోటు తిప్పి చూసింది. "నేను గిల్లలేదప్పా," అంది.

"నువ్వు గాక ఈడికి ఇంగెవరొచ్చినారు? రేపట్నుంచి పనిలోకి రావద్దు, పో."

ఆమె ఆ పువ్వును గట్టున పెట్టింది. సద్దిగిన్నె తీసుకుని గేటు వైపు నడిచింది. నేనూ అందరిలో కలిసి ఆమె వైపే చూశాను. చెప్తే సీటు పోతుంది, కూలి పిల్లనని కూడా అందరికీ తెలిసిపోతుంది. ఛీ, ఆ రెండోదే ఎక్కువ బాధించిందేమో.

ఇంటికెళ్లి అమ్మతో చెప్పాను. రొట్టెలు తడుతున్న అమ్మ ముందు పడీపడీ నవ్వింది. "నీ చేతులు పాడుగాను! అన్నీ గిల్లినావా?" పెద్దమ్మ సంగతి చెప్పగానే నవ్వు ఆగిపోయింది.

"పువ్వు తిప్పి చూసిందా? అయితే ఆయమ్మకు తెలుసులే. గోరు పెట్టి మెలేసి గిల్లేది క్రాసింగ్ చేసినోళ్లే. ఆడ అట్లాంటి చెయ్యి నీది గాక ఇంగెవరిది?"

"తెలిస్తే చెప్పలేదేం మరి?"

"నన్నడుగుతాండావేందే? పోయి ఆయమ్మనే అడుగు."

మర్నాడు అందరి ముందూ చెప్పాను. అమ్మ కూలి సంగతి, ఎర్ర దారం సంగతి, కొళాయి సంగతి కూడా. "నిన్ననే చెప్పి ఉంటే అందరం నవ్వుకునేవాళ్లం," అంది మేడం. ఇక సీటు సంగతి చెప్పేదేముంది! చివరి రోజు అది ఇంకో అమ్మాయికి వెళ్లింది. బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

కానీ నేను నిజం చెప్పిన రోజు మధ్యాహ్నమే పెద్దమ్మను మళ్లీ పనిలోకి పిలిపించారు. ఆమె పక్కన సాలులో కూర్చున్నాను.

"తప్పయింది పెద్దమ్మా. గిల్లింది నేనే."

"తెలుసు. మొగ్గలు కొలిచేటప్పుడే నీ చెయ్యి చూసినా," అంది, కలుపు తీస్తూనే.

"నా పేరు చెప్పలేదెందుకు?"

"నువ్వు చెప్తావేమోనని చూసినా."

ఆమె చేతిలో గడ్డి గట్టున వేసి, అప్పుడు నా ముఖంలోకి చూసింది.

"పని పోయిందని గాదు పాపా నాకు బాధ. ఆ పిల్లోళ్లంతా నన్ను దొంగను చూసినట్ల చూసినారు. వాళ్లకు తెలీదు, చూసినారు. అన్నీ తెలిసిన నువ్వు గూడా అట్లనే చూస్తివే!"

నిజమే, చూశాను. నా వైపు ఎవరూ చూడకూడదని, అందరికంటే గట్టిగా నేనే చూశాను.