గీటురాయితో బల్బు కొన్న ఈశ్వరయ్య

ప్రొద్దుటూరులో ఈశ్వరయ్య ఇంటి ముందుగది నలభై ఏళ్లుగా బంగారానికి కోర్టు. అంగడివాళ్ల మాట మీద అనుమానం వచ్చినవాళ్లు నగ తెచ్చి ఆయన ముందు పెడతారు. నల్లటి గీటురాయి మీద ఒక గీత గీసి, కళ్లు చిట్లించి, ఎంత మేలిమో చెప్పేస్తాడు. పక్కన గీసి పోల్చుకోవడానికి ఇన్ని క్యారెట్లని ముందే తెలిసిన నమూనా కడ్డీలున్నాయి గానీ, అవి పెట్టె అడుగుకు చేరి ఇరవై ఏళ్లు దాటింది. "నా కండ్లకంటే కడ్డీలు గొప్పవా?" అనేవాడు.

మొన్న గదిలోని పాత పసుపు బల్బు మాడిపోతే, ఇల్లంతటికీ తెల్లటి ఎల్‌ఈడీలు పెట్టించాడు. పాలు ఒలకబోసినట్టయింది. భార్య నిర్మలమ్మకే నచ్చలేదు. "మనుషులంతా జరమొచ్చినోళ్ల మాదిరి కనపడతాండారు" అంది.

వారం తిరక్కుండానే ఒక సాయంత్రం జమ్మలమడుగు నుంచి మహబూబ్‌బీ కొత్త కోడలిని వెంటబెట్టుకుని గాజులు తెచ్చింది. ఈశ్వరయ్య గీత గీశాడు. పాలిపోయి ఉంది.

"కలుపు శానా ఉందమ్మా."

"మా నాయన నా పెండ్లికి పెట్టినవి అప్పా! కోడలికిద్దామని తెస్తి. ఆయన మోసం చేసినాడంటావా?"

కోడలు గాజులకేసి చూసి కొంగు సర్దుకుంది. చచ్చిపోయిన మనిషి పరువు ఆ గదిలోనే పోయింది.

మర్నాడు పొద్దున రాయి తుడుద్దామని ఈశ్వరయ్య వాకిట్లో కూర్చున్నాడు. నిన్నటి గీత ఎండలో చిక్కటి పసుపుగా మెరిసింది. లోపలికి తీసుకుపోతే పాలిపోయింది. బయటికి తెస్తే మళ్లీ పసుపు. కడ్డీలు వెతికి తీసి, ఇరవైరెండు క్యారెట్ల కడ్డీతో పక్కనే గీశాడు. రెండు గీతలూ ఒకటే. గాజులు మేలిమివే.

రాయి, కడ్డీలు సంచిలో వేసుకుని అలీ అహ్మద్ కరెంటు సామాన్ల అంగడికి పోయాడు.

"బల్బు కొనేకి రాయి తెచ్చినావేంది మామా, నచ్చకపోతే కొడ్తావా?"

"నోరు మూసుకోని ఒక్కొక్కటే ఎలిగించప్పా."

తెల్లదాని కింద మంచి గీత కూడా వెలవెలబోయింది. బాగా పసుపుదాని కింద కలుపు ఎక్కువున్న కడ్డీ గీత కూడా మేలిమిలా నవ్వింది. "దీని కింద ఇత్తడి గూడా పెండ్లికూతురే" అన్నాడు ఈశ్వరయ్య. నాలుగోది రెంటికీ మధ్యది. దాని కింద ఏ గీతకు ఆ గీత విడిగా తెలిసింది. రంగును ఉన్నదున్నట్టు నూటికి తొంభై పాళ్లకు పైగా చూపుతుందని అట్టపెట్టె మీద రాసి ఉంది.

"అది రేటెక్కువ మామా."

"నా మాట రేటు నీకేం తెలుసు? ఇది ముందుగదికి. నిర్మలమ్మ కూర్చునే కాడికి ఆ పసుపుది ఇయ్యి."

బల్బులతోనే జమ్మలమడుగు బస్సెక్కాడు. మహబూబ్‌బీ వాకిట్లో, కోడలిని పిలిపించి, ఎండలో గాజు గీత, కడ్డీ గీత పక్కపక్కన గీశాడు.

"మీ అత్త నాయన మోసం చేయలేదు తల్లీ. తప్పు చెప్పింది నేను. కొత్త తెల్ల బల్బు కింద గీత పాలిపోయి కనపడింది."

"అయితే బల్బు మోసం చేసిందంటావు" అంది మహబూబ్‌బీ.

"బల్బుదేముందమ్మా? కడ్డీలు పెట్టె అడుగున పడేసింది నేను కదా."

కోడలు గాజులు తొడుక్కుని చెయ్యి ఎండలో తిప్పి చూసుకుంది. ఈశ్వరయ్య సంచి ఎత్తుకుంటుంటే మహబూబ్‌బీ ఆపింది.

"నిలబడప్పా. మా ఇంటికి ఏ బల్బు ఏసుకోవాల్నో గూడా చెప్పిపో."