మా గుమ్మం మీది తక్కెడ

వకీళ్ళు కూడా కంపెనీ పెట్టుకుంటారా అని మా వీధంతా నవ్వింది. బొబ్బిలి దాటాక, కొండల కింద, చిన్న కోర్టు ఉన్న ఊరు మాది. అరవైల చివరి సంవత్సరాలు. కొండల్లో గొడవలు మొదలై, దొరికినవాణ్ణి దొరికినట్టు పోలీసులు పట్టుకుపోతున్న రోజులు. వాళ్ళ తరఫున నిలబడే ప్లీడరే లేడని మా ఆయనా, ఆయనతో లా చదివిన స్నేహితుడూ కలిసి మా ముందుగదిలో ఆఫీసు తెరవాలనుకున్నారు.

కేసు ఒక్కటీ రాలేదు గానీ కాగితాల హడావుడి మొదలైంది. లెటర్ పేడ్లు, కవర్లు, వకాలత్ ఫారాలు, గుమ్మం మీదికి బోర్డు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని నేను దెప్పాను. "నువ్వలాగే అను సెల్లెమ్మా. రేపు మన కాగితం సూసి మేజిస్ట్రేటే లేసి నిలబడతాడు" అన్నాడు స్నేహితుడు. అతనికి ఆర్భాటం ఎక్కువ. మనసు మంచిదే.

మా ఆయన బెంగ వేరు. "కొండోళ్ళకి సదువు రాదు. మన పేర్లు ఎంత పెద్దగా రాస్తే ఏటి లాభం? ఓట్లకి గుర్తున్నట్టు మనకీ ఓ గుర్తుండాల" అన్నాడు. అప్పటికే సంతకు వెళ్ళి కొండ ఊళ్ళ పెద్దలకు చెప్పి వచ్చాడు కూడా: ఆపదొస్తే రైలు గేటు పక్క వీధిలోకి రండి, గుమ్మం మీద బొమ్మ కట్టిన ఇల్లు మాదే, అని. ఏ బొమ్మో అప్పటికింకా తేలలేదు. ఆ మనిషిని చూస్తే నాకు గర్వంగానే ఉండేది.

విజయనగరంలో మా పుట్టింటి వీధిలో ఒక ప్రెస్సు ఉండేది. ముగ్గురం రైలెక్కి వెళ్ళాం. ప్రెస్సాయన బొమ్మలు అచ్చేసే బ్లాకుల పెట్టె మా ముందు బోర్లించాడు. కలశాలు, వినాయకుళ్ళు, అరటిచెట్లు, అన్నీ శుభలేఖల సరుకే. అడుగున ఒక తక్కెడ దొరికింది. ఏదో కిరాణా కొట్టు కరపత్రానికి చేయించినదట. "న్యాయానికైనా బియ్యానికైనా తక్కిడి తక్కిడే కదండీ" అన్నాడాయన. స్నేహితుడు ఎగిరి గంతేసినంత పని చేశాడు. కోర్టంటే తక్కెడ, తక్కెడంటే న్యాయం, ఇంకేం కావాలి? ముగ్గురం ఒక్క మాట మీద ఒప్పేసుకున్నాం. అచ్చయి వచ్చిన తొలి కాగితానికి నాలుగు మూలలా పసుపు రాసి నేనే దేవుడి దగ్గర పెట్టాను.

సినిమా బోర్డులు రాసే పెయింటరు మా బోర్డు మీద అదే తక్కెడ వేశాడు, వీధి చివరికి కనిపించేంత పెద్దది.

కొన్నాళ్ళకి ఒక ఉదయం ఎదురింటి అరుగు మీద ఒక కొండ మనిషి కూర్చుని ఉంది. చంకలో బిడ్డ. మా గుమ్మం వైపు చూస్తుంది, తల దించుకుంటుంది, మళ్ళీ చూస్తుంది. "ఏటమ్మా, ఏటి కావాల? ఇలా రా" అని పిలిచాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంకాస్త దూరం జరిగింది. లోపల మా ప్లీడర్లిద్దరూ ఈగలు తోలుకుంటున్నారు. బిడ్డకు మంచినీళ్ళు తెద్దామని లోపలికి వెళ్ళి వచ్చేసరికి ఆమె లేదు.

ఆ వారంలోనే ఆసుపత్రికి ఒక కొండవాడి శవం వచ్చిందని తెలిసి మా ఆయన పరుగెత్తాడు. ఠాణాలో జ్వరమొచ్చి పోయాడన్నారట. వీపంతా కమిలిపోయే జ్వరం ఏ ఊళ్ళో ఉంటుంది? శవం ఇచ్చేదాకా భార్యకు నిలువ నీడ లేదని ఇంటికి వెంటబెట్టుకొచ్చాడు. చూస్తే ఆమే. గుమ్మం ఎదురుగా వచ్చి ఆగిపోయింది.

"నాను రాను బాబూ. ఇది సావుకారి ఇల్లు."

"కాదమ్మా, నేను ప్లీడర్ని" అన్నాడు మా ఆయన.

ఆమె బోర్డుకేసి చెయ్యి చూపింది. "తక్కిడి ఉన్నాది కదా. మొన్న మావోణ్ణి పోలీసోళ్ళు అట్టుకుపోతే, మా పెద్ద పంపితే వొచ్చినాను. తక్కిడి సూసి బయమేసి ఎల్లిపోనాను."

అప్పుడు వెలిగింది మా బుర్రలకి. సంతలో సావుకారి దగ్గర వాళ్ళ చింతపండు కొనేటప్పుడు ఒక రాయి, వాళ్ళకి ఉప్పు అమ్మేటప్పుడు ఇంకో రాయి. పుట్టిన దగ్గర్నుంచీ వాళ్ళను ముంచుతున్నది ఆ తక్కెడే. దాన్నే తెచ్చి గుమ్మానికి కట్టుకుని, మీ కోసమే రండి అన్నాం. ఒక్క కొండ మనిషినైనా అడగలేదు. స్నేహితుడు గోడకు జారగిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మా ఆయన నిచ్చెన వేసుకుని బొమ్మంతా తారు పూసేశాడు. ఆ తర్వాతే ఆమె గడప దాటింది.

ఆ చావు మీద కోర్టులో అర్జీ ఆ రోజే వేయాలి. వకాలత్ ఫారాలు మాత్రం అవే, నెత్తిన తక్కెడతో. మా ఆయన బొమ్మను అరచేత్తో మూసి ఫారం ఆమె ముందు పెట్టాడు. బొటనవేలికి సిరా నేను రాశాను. ఆమె మా ఆయన చెయ్యి మెల్లగా పక్కకు జరిపి, ఆ బొమ్మను కాసేపు చూసింది.

"ఉండనీ బాబూ. ఇంక తూసడానికి నా కాడ ఏటున్నాది?" అని, దాని కిందే వేలిముద్ర వేసింది.