భీమ్లా విమానం, సక్రి తండా

మా తండాకు ఇద్దరు సర్పంచులు. ఓట్లేసి గెలిపించుకున్నది గుగులోతు సక్రిని. దండం పెట్టేది ఆమె మొగుడు భీమ్లాకు. ఇందులో ఎవరికీ తప్పేమీ కనిపించదు. సక్రి ఎదురైతే "ఏం సక్రీ, యాడికి?" అని కూర్చున్నచోటి నుంచే పలకరించే పెద్దమనుషులు, భీమ్లా హైదరాబాద్ నుంచి సెలవు మీద దిగగానే "సర్పంచ్ సాబ్ వచ్చిండు" అని తువ్వాళ్లు దులుపుకుని లేస్తారు. ప్రభుత్వం ఆడవాళ్లకు కుర్చీనైతే రిజర్వు చేసింది గానీ అందులో ఎవరు కూర్చుంటున్నారో చూడటానికి మనిషిని పెట్టలేదు.

"మా తండా" అంటున్నాను గానీ నాది లింగాల ఘనపూర్. బయ్యారం మండలంలోని ఈ తండాకు బడిపంతులుగా వచ్చాక నా జుట్టు నెరిసింది. పిల్లలు నా దగ్గర ఎంత తెలుగు నేర్చుకున్నారో దేవుడికే తెలియాలి, నేను మాత్రం వాళ్ల ఇంటి భాష బాగానే నేర్చుకున్నాను. వాళ్లు లంబాడీలో అనుకున్న మాటల్ని కూడా ఇక్కడ తెలుగులోనే చెబుతాను. రుచి తగ్గితే ఆ పాపం నాదే.

భీమ్లా మహబూబాబాద్‌లో ఐటీఐ చదివి, హైదరాబాద్‌లో పెద్ద జెట్ విమానాలను బాగుచేసే షెడ్డులో కుదురుకున్నాడు. పైలట్ ఎటు తిప్పమంటే అటు విమానం తిరిగేలా చేసే సరంజామా ఏదైతే ఉందో, దాని మీద అతని పని. తండాలో మాత్రం అతను విమానమే నడుపుతాడని నమ్మకం. ఖండించే తొందర అతనికి ఎన్నడూ కలగలేదు. ఉన్నమాట చెప్పాలంటే పనిమంతుడు. పనంటే ప్రాణం. ఆ పని గురించి పదిమందిలో చెప్పడమంటే ఇంకొంచెం ఎక్కువ ప్రాణం.

సెలవుకు వచ్చాడంటే పంచాయతీ ఆఫీసు వరండాలో ప్రవచనం ఉండాల్సిందే. సర్పంచ్ కుర్చీలో అతను కూర్చుంటాడు. గోడకానుకుని కింద సక్రి బియ్యం చెరుగుతూ ఉంటుంది. అతను ఆ చాట లాక్కుని దాన్నే రెక్కగా చేస్తాడు. ఆ పూట వాళ్లింట్లో అన్నంలో రాళ్లు తగిలాయంటే దానికి కారణం విమానయాన శాస్త్రమే.

"సారూ, విమానం తిరుగుడంటే కారు తిరిగినట్టు గాదు," అంటాడు నా వైపు చూసి. చదువుకున్నవాడు ఒక్కడైనా వింటున్నాడని జనానికి తెలియాలి కదా. "రెక్కల చివర్ల పలకలుంటయి. ఎడమకు పోవాలె అనుకో, ఎడమ పలక పైకి లేస్తది, కుడి పలక కిందికి దిగుతది. గాలి ఎడమ రెక్కను కిందికి తోస్తది, కుడి రెక్కను పైకి లేపుతది. గిట్ల వొరిగి తిరుగుతది."

చాట వొరుగుతుంది. జనం కూడా దాంతోపాటు కాస్త వొరుగుతారు. తర్వాత తోక వంతు వస్తుంది. తోక దగ్గర అడ్డంగా ఉండే పలకలు పైకి లేస్తే తోక దిగి ముక్కు లేస్తుంది. నిలువుగా ఉండే పలక ముక్కును కుడి ఎడమలకు తిప్పుతుంది, దానికి పైలట్ కాళ్ల దగ్గర పెడళ్లు ఉంటాయి. నేల మీద దిగగానే రెక్క వీపున మూతల్లాంటివి నిక్కబొడుచుకుంటాయి. అవి రెక్కకున్న లేపే బలాన్ని చంపేస్తే బరువంతా చక్రాల మీద పడి బ్రేకులు పట్టుకుంటాయి.

"మరి గంత పెద్ద పలకల్ని పైలట్ గుంజుతడా?" అని ఎవరో ఒకరు అడగాలి. అడగకపోతే అతనే అడిగించుకుంటాడు.

"ఆయనతోని ఏడైతది! ట్రాక్టర్ ట్రాలీని లేపుతది సూడు నూనె, గదే పని ఈడ గూడ. గసోంటివి మూడు సెట్లుంటయి. ఒకటి పోతే ఇంకోటి, అది గూడ పోతే ఇంకోటి. నేను జూసే విమానంల పైలట్ చేతికీ రెక్కకూ నడుమ తాడు లేదు, తీగ లేదు. చేతిల ఉండే స్టిక్కు కదిపితే కంప్యూటర్లకు ఖబర్ పోతది. గవి లెక్కలు కట్టి పలకను కదిలిస్తయి. ఒక కంప్యూటర్ అడ్డదిడ్డం మాట్లాడితే తక్కినయి దాన్ని పక్కకు వెడ్తయి. పైలట్ హద్దు దాటి గుంజితే ఊకోమంటయి. ఆయన చేతికి రెక్క మీది గాలి బరువు తెల్వది, స్టిక్కుల ఉన్న స్ప్రింగు బరువే తెలుస్తది."

అన్నీ బిగించాక పరీక్ష చేస్తారట. ఇంజనీరు లోపల కూర్చుని స్టిక్కు కదుపుతాడు. భీమ్లా చెవులకు హెడ్‌సెట్ పెట్టుకుని కింద నిలబడి, ఏ పలక ఎటు కదిలిందో చెబుతాడు. నూనె ఒత్తిడి మీద కదిలే పలకకు అడ్డంగా మనిషి చెయ్యి ఉందో, తల ఉందో తెలియదు కాబట్టి చుట్టుపక్కల ఎవరినీ నిలబడనివ్వడు.

"ఆడ ఒక్కలే మాట్లాడాలె సారూ. నేను జెప్పేటప్పుడు ఇంకోడు నోరు తెరిసిండా, బయటికి నడువుమంట."

అంత క్రమశిక్షణ గల మనిషి హైదరాబాద్‌లో కూర్చుని తండాను ఎలా నడిపేవాడో కూడా చెప్పాలి. అతని తమ్ముడు వెంకట్ దగ్గర ఒక ఫోను ఉంటుంది. తండాలో బోరు మోటారు కాలినా, వీధిలైటు పోయినా, ఎవరి మేక ఎవరి చేనులో పడినా వెంకట్ ఆ ఫోనును స్పీకర్‌లో పెట్టి, ఊరేగింపులో దేవుణ్ణి పట్టుకున్నట్టు రెండు చేతులతో ముందుకు చాచేవాడు. అందులోంచి తీర్పు వచ్చేది. సక్రి అంతకుముందే ఏదైనా చెప్పి ఉంటే దాని మీద ఈ మాట వచ్చి కూర్చునేది.

ఒక శ్రావణంలో వాన పట్టుకుంది. రాత్రంతా కురిసి పొద్దున కూడా ఆగలేదు. నేను గొడుగుతో కుస్తీ పట్టి బడికి చేరాక, బడికి సెలవు అని మెసేజీ వచ్చింది. మా శాఖ ముందుచూపు అలాంటిది. మా బడి గుట్ట మీద ఉంటుంది. కింద తండా, తండాకు ఎగువన చెరువు. కట్టకు దగ్గరగా ఉన్న ఇళ్లలో చివరిది భీమ్లా తల్లి సోమ్లిది. మట్టిగోడల ఇల్లు. కొడుకు పక్కా ఇంట్లోకి రమ్మంటే రాదు, మేకలకు అక్కడ చోటు లేదంటుంది.

సక్రి తెల్లవారకముందు నుంచీ కట్ట మీదే ఉంది. ఆమె పుట్టిల్లు భూపాలపల్లి దిక్కు, అక్కడా ఒక చెరువు కిందే పెరిగింది. నీళ్లను నమ్మే మనిషి కాదు. గుట్ట దిగుతున్న నాకు ఎదురొచ్చింది. చీర మోకాళ్ల దాకా ఎర్రమట్టి.

"సారూ, బడి తాళం తియ్యి. కట్ట అడుగున నీళ్లు ఊరుతున్నయి. నిన్న తేట నీళ్లే, గిప్పుడు మట్టిని తీస్కొని ఎర్రగ వస్తున్నయి. కింది ఇండ్లోళ్లందర్ని పైకి తోలుతున్న."

మళ్లీ గుట్టెక్కి తాళం తీశాను. జనం మూటలు కట్టుకుని బయలుదేరారు. అప్పుడు వెంకట్ చేతిలో దేవుడు పలికాడు.

"ఎవలు కదులొద్దు! కట్టకేం గాదు. మూడు బందోబస్తులున్నయి మనకు. మత్తడి ఉన్నది, తూము ఉన్నది, పోయినేడు కట్టకు మట్టి గూడ పోసినం. ఒకటి పోతే ఇంకోటి కాస్తది. మూడు ఒక్కపారి పోయినయని నా సర్వీసుల నేను ఇనలే. బస్తాలల్ల మట్టి నింపి కట్ట మీద వెయ్యున్రి."

విమానంలో ఆ మూడు సెట్ల గొట్టాలను వేరువేరు దారుల్లో పెడతారని, ఒకదానికొచ్చిన జబ్బు ఇంకోదానికి అంటకుండా చూస్తారని మాకు చెప్పింది అతనే. మా చెరువు సంగతి వేరు. నిండిన నీరు పొర్లిపోవాల్సిన మత్తడికి, చేపలు కొట్టుకుపోతాయని అడ్డంగా వలలు కట్టారు. వాటికి చెత్త పట్టి మత్తడి గోడ అయిపోయింది. ఆ వలలు కట్టినవాళ్లలో వెంకట్ ముందుంటాడు. తూము తలుపు తుప్పుపట్టి, తెరుచుకోవడమనే అలవాటే మానుకుంది. పోయినేడు పోసిన మట్టిని వాన మళ్లీ కిందికి దించేస్తోంది. మూడు బందోబస్తులూ ఒకేసారి చేతులెత్తేశాయి. ఫోనుకు అవేవీ కనిపించవు కదా.

ఆ తర్వాత చూడాలి తమాషా. గుట్టెక్కుతున్న వాళ్లు సగంలో ఆగారు. సక్రి "ఎక్కున్రి" అంటే నాలుగడుగులు పైకి వేస్తారు, ఫోను "ఆగున్రి" అంటే నాలుగడుగులు దిగుతారు. మూటలు ఎత్తుకున్న వాళ్లకు బస్తాలు ఎత్తుకున్న వాళ్లు దారిలో అడ్డం పడ్డారు. ఒకాయన బియ్యం మూట గుమ్మరించి ఆ సంచిలో మట్టి నింపడం మొదలుపెట్టాడు. ఇద్దరు సర్పంచుల మాటా విన్న తృప్తితో తండా ఉన్నచోటే తడుస్తూ నిలబడింది. నాకు నవ్వు రాలేదు. భయమేసింది.

నేను సక్రి వెంట కట్ట దగ్గరికి దిగేసరికి సోమ్లి ఇంట్లో మంచం మీద కదలకుండా కూర్చుని ఉంది. సక్రి చెయ్యి పట్టుకుంటే విదిలించింది.

"నా కొడుకు వద్దన్నడు. ఇమానాలు నడిపేటోనికి తెల్వదా? నీకే తెలుసా?"

ఇంట్లోకి నీరు వచ్చేసింది. సక్రి బయటికి వచ్చి వెంకట్ చేతిలోని ఫోను లాక్కుంది.

"ఇగో, ఇను. నీకు కట్ట కనవడ్తున్నదా?"

"సక్రీ, నువ్వు పరేషాన్ గాకు. వీడియో కాల్ చెయ్యుమను. సూసి జెప్త."

"మీ యాడి ఇంట్లకు నీళ్లొచ్చినయి. ఇగ నువ్వు మాట్లాడకు."

యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. అవతల నుంచి ఏదో అరుపు వినిపిస్తుండగానే ఫోను కట్ చేసి నా చేతిలో పెట్టింది.

"సారూ, జేబుల వెట్టుకో. మోగితే ఎత్తకు."

అప్పుడు తండా వైపు తిరిగింది. ఆమె గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. "బస్తాలు ఆడనే పారేయున్రి! ఒరేయ్ వెంకట్, మంచానికి ఒక కోడు నువ్వు పట్టు!" వెంకట్‌కు ఫోను లేని చేతులతో ఏం చెయ్యాలో కాసేపు తోచలేదు. తర్వాత వచ్చి పట్టాడు. నలుగురు కలిసి సోమ్లిని మంచంతో సహా లేపారు. ముసలమ్మ గుట్ట పొడుగునా కోడలి ఏడు తరాలనూ పేరు పేరునా తిట్టింది. నా జేబులో ఫోను ఆగకుండా వణుకుతూనే ఉంది.

అందరూ బడి దాకా ఎక్కారో లేదో కట్ట తెగింది. పెద్ద చప్పుడు కూడా లేదు. కట్ట నడుమ కాస్త జారింది, అంతే, ఎర్రటి నీరు కింది ఇళ్లలోకి నడిచి వెళ్లింది. సోమ్లి ఇల్లు మొదట మోకాళ్ల మీద కూలబడి, తర్వాత లేకుండా పోయింది. సోమ్లి తిట్లు ఆగిపోయాయి. మేకలు కొన్ని పోయాయి, మనుషులు ఎవరూ పోలేదు. కోడలి చీర కొంగును సోమ్లి గుప్పిట్లో బిగించి పట్టుకుంటే నాకు ఏడుపొచ్చింది. దాచుకునే అవసరం రాలేదు, వాన ఉంది కదా.

భీమ్లా మర్నాడు వచ్చాడు. రోడ్డు తెగిపోతే బయ్యారం నుంచి నడిచే వచ్చాడు. కట్ట తెగిన వార్త ఫోనులో చూశాడట, ఇక్కడికి చేస్తే ఎవరూ ఎత్తలేదు. తర్వాత సిగ్నలు కూడా పోయింది. తల్లి ఇల్లున్న చోట బురద చూసి, అక్కడి నుంచి గుట్ట మీదికి పరుగెత్తాడట. బడి గుమ్మంలో నిలబడ్డప్పుడు అతని ముఖం చూడలేకపోయాను. సోమ్లి నా టేబులు మీద కూర్చుని కిచిడీ తింటోంది. ఆమె పాదాల దగ్గర కూలబడ్డాడు.

అప్పుడే మండలం నుంచి ఒక అధికారి వచ్చి, "సర్పంచ్ ఎవరయ్యా?" అని అడిగాడు. బడి మొత్తం అలవాటుగా భీమ్లా వైపు చూసింది. అతను అలవాటుగానే సగం లేచాడు. తల్లిని చూశాడు. కూర్చున్నాడు.

"ఆమె," అన్నాడు సక్రిని చూపించి.

అధికారి వెళ్లిన తర్వాత భీమ్లా మొదలుపెట్టాడు. నాతో చెబుతున్నట్టే చెప్పాడు గానీ నా వైపు చూడలేదు.

"సారూ, విమానంల ఇద్దరు పైలట్లుంటరు. ఇద్దరికి చెరొక స్టిక్కు. ఒకలది కదిలితే ఇంకోలది కదలది. ఇద్దరు ఒక్కపారి కదిపిన్రనుకో, కంప్యూటర్ రెండిటిని కలుపుకుంటది. ఒకలు లేపి, ఇంకోలు దించితే, విమానం ఎటూ గాకుంట పోతది. ఇద్దరు నేనే నడుపుతున్ననుకుంటరు. అందుకే ఒక మిషన్ గొంతు మొత్తుకుంటది. ఒక ఎర్ర బటన్ గూడ ఉంటది. అది నొక్కిపట్టినోళ్లదే మాట. రెండోది ఎంత గుంజినా పలక కదలది."

ఇన్నేళ్ల ప్రవచనాల్లో ఈ ముక్క అతని నోటి వెంట ఎన్నడూ రాలేదు.

కిచిడీ గిన్నె కడుగుతున్న సక్రి తలెత్తింది. "గా ఎర్ర బటన్ ఒక్కలకే ఉంటదా?"

"లే. ఇద్దరికుంటది."

"తర్వాత ఎప్పుడన్న వెడ్తరా?"

"లే. విమానం తయారైన నాటి సంది ఉంటది."

సక్రి గిన్నె కింద పెట్టింది. కోపం కూడా లేదు ఆమె గొంతులో.

"మరి గిన్నొద్దులు రెక్కలు జెప్పినవ్, తోక జెప్పినవ్, నా చాట గుంజుకొని జెప్పినవ్. గిది నాకు ఎందుకు జెప్పలే?"

సోమ్లి తినడం ఆపి కొడుకు వైపు చూసింది. తండా అంతా చూసింది. మనిషి దొరికితే చాలు విమానం గురించి చెప్పే భీమ్లా, సక్రి కింద పెట్టిన గిన్నె అందుకుని కడగడం మొదలుపెట్టాడు.