పళ్ళ మేస్త్రి డీపీలో నత్త

అందరూ ఆయన్ని పళ్ళ మేస్త్రి అంటారు. కొత్తగా విన్నవాళ్ళు అరటిపళ్ళా, ద్రాక్షపళ్ళా అని అడుగుతారు. ఆయన అమ్మేవి కావు, కట్టేవి. ఊళ్ళో సగంమంది పళ్ళ డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తే, మందుల షాపు వెనకున్న ఒంటి గదిలో కూర్చుని మైనం కరిగించి, పింగాణీ పొరలు పేర్చి, చిన్న పొయ్యిలో కాల్చి, అరగదీసి పన్ను తయారుచేస్తాడు. గదంతా ప్లాస్టర్ పొడి. బల్ల మీద వరసగా ప్లాస్టర్ నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. ఆయన ఏం చెప్పినా వాటిలో ఒక్కటీ ఎదురు మాట్లాడదు. మనిషి ఇంత మొండివాడు కావడానికి అదే కారణమని ఆయన భార్య అంటుంది. కాదనడానికి మన దగ్గరా ఏమీ లేదు.

ఈ మేస్త్రికి పని తర్వాత అంత ప్రాణమైనది ఫోన్లో ఒక గ్రూపు. పాత స్నేహితులు కొందరు కలిసి జనరల్ నాలెడ్జి ప్రశ్నలు వేసుకునే గ్రూపు. లైబ్రరీలో పనిచేసే ఒక మేడమ్ దానికి జడ్జి. ఒక కరెంటు పనివాడు ఉన్నాడు, ప్రతి ప్రశ్నకీ అందరికంటే ముందు తప్పు చెప్పడం ఆయన ప్రత్యేకత. ఇంకా మేస్త్రి అక్క మొగుడు, అంటే మేస్త్రికి బావ. సిటీ బస్సు నడుపుతాడు. బావామరుదులు కాకముందు నుంచీ ఇద్దరూ స్నేహితులే, అసలు ఆ సంబంధం కుదిర్చిందే మేస్త్రి.

గ్రూపుకి కొన్ని కట్టుబాట్లున్నాయి. జవాబు గొంతుతో చెప్పి పంపాలి తప్ప టైపు చెయ్యకూడదు, ఎందుకంటే టైపు చేసేవాడు మధ్యలో ఎక్కడైనా వెతికి చూసుకోగలడు. సరిగ్గా చెప్పినవాడికి తర్వాతి ప్రశ్న వేసే హక్కు. తప్పు చెబితే తప్పేం లేదు. కానీ తప్పు చెప్పి, జడ్జి తీర్పు ఇచ్చాక కూడా మొండికేసి వాదిస్తే మాత్రం శిక్ష ఉంది. సరైన జవాబు బొమ్మని వారం రోజులు డీపీగా పెట్టుకోవాలి. అన్నిటికంటే పెద్ద గుడ్డు పెట్టే పక్షి గద్ద అని వాదించి కరెంటాయన ఒక వారం నిప్పుకోడి మొహంతో తిరిగాడు. ఆ వారంలో ఫ్యూజు కోసం ఫోన్ చేసినవాళ్ళంతా ముందు కోడి సంగతి అడిగారు. ఆయన ఏమీ అనుకోలేదు.

ప్రశ్నలు వెయ్యడంలో బావని మించినవాడు లేడు. బస్సు చివరి స్టాపులో ఆగగానే, ఇంజను ఆపి, మంచినీళ్ళు తాగి, "సరే, అందరూ సర్దుకుని కూర్చోండి," అని మొదలుపెట్టేవాడు. బస్సులో జనానికి చెప్పినట్టే చెప్పేవాడు. ఆ గొంతు వినపడగానే మేస్త్రి చేతిలో పన్ను కింద పెట్టేసేవాడు.

ఒకరోజు బావ వేసిన ప్రశ్న ఇది. "నత్తకి పళ్ళుంటాయా, ఉండవా?"

మేస్త్రి నవ్వు ఆపుకోలేకపోయాడు. "నత్తకి పళ్ళుంటే ఇన్నేళ్ళలో ఒక్క నత్తయినా కట్టుడు పళ్ళ కోసం నా దగ్గరికి రాలేదేం బావా?" అని పంపాడు. అందరూ నవ్వారు. అంతటితో ఊరుకుంటే ఈ కథే లేదు.

జడ్జి మేడమ్ తీర్పు చెప్పింది. నత్త నాలుక మీద వేలకొద్దీ సన్నటి పళ్ళుంటాయి, ఆకుని వాటితోనే గీరి తింటుంది, మేస్త్రి చెప్పింది తప్పు. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. గుడ్డు గురించో గ్రహం గురించో ఓడిపోతే ఆయనకి పట్టింపు లేదు. పళ్ళ గురించి ఓడిపోవడమా? నాలుక మీద ఉన్నవి పళ్ళెలా అవుతాయని వాదించాడు. పుస్తకాల్లో ఎవడో రాస్తే అవి పళ్ళైపోవన్నాడు. బావ తాపీగా, "ఇక నత్త డీపీ పెట్టుకో బావమరిదీ," అన్నాడు. తన డీపీ ఊళ్ళో డాక్టర్లందరూ చూస్తారు. పళ్ళ మేస్త్రి మొహం ఉండాల్సిన చోట నత్తా? ఉక్రోషంలో మేస్త్రి ఫోను నోటి దగ్గర పెట్టుకుని అనకూడని మాట అనేశాడు.

"స్టీరింగు తిప్పేవాడివి, నీకు పళ్ళ గురించేం తెలుసు? నోరు మూసుకుని బస్సు నడుపుకో."

ఆ మాట బావ ఒక్కడే విన్నా కొంత నయం. ఎప్పటిలాగే ఆయన ఫోను గట్టిగా పెట్టి వింటున్నాడు. పక్కన కండక్టరు ఉన్నాడు. ముందు సీట్లలో రోజూ ఎక్కేవాళ్ళున్నారు. వాళ్ళంతా కిటికీల్లోంచి బయటికి చూశారట. బావ ఫోను జేబులో పెట్టుకుని ఇంజను స్టార్ట్ చేశాడు. సాయంత్రానికి గ్రూపులోంచి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున మేస్త్రి పెరట్లో పూలకుండీ దగ్గర వంగి కూర్చున్నాడు. పన్నుకి పగుళ్ళు చూసే భూతద్దం కంటికి పెట్టుకుని ఆకు మీద నత్తని చూస్తున్నాడు. నత్త ఆకుని తాపీగా గీరుకుంటూ పోతోంది. వెనకాల అంతా చిల్లులు.

"నోరు తెరవమని అడుగుతున్నారా?" అంది భార్య, తువ్వాలు ఆరేస్తూ.

చిల్లులు చూడగానే ఆయనకి విషయం అర్థమైపోయింది. అర్థమైనా ఒప్పుకోకుండా ఉండటం ఒక విద్య, అందులో మేస్త్రిది అందెవేసిన చెయ్యి.

రోజులు గడిచాయి. బావ బస్సు మందుల షాపు ముందు నుంచే వెళ్తుంది. ఇదివరకు అక్కడికి రాగానే రెండుసార్లు హారన్ కొట్టేవాడు. షాపువాళ్ళు విసుక్కునేవాళ్ళు కూడా. ఇప్పుడు బస్సు వస్తుంది, పోతుంది, హారన్ లేదు. ఆ చప్పుడు లేక మేస్త్రికి పనిలో చెయ్యి ఆడటం లేదు. గ్రూపు కూడా చప్పబడిపోయింది. కరెంటాయన ఒక ప్రశ్న వేసి, దానికి తనే తప్పు జవాబు చెప్పుకుని ఊరుకున్నాడు. మేస్త్రికి బావ కావాలి. ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఇంట్లోవాళ్ళకీ తెలుసు. కానీ నత్త బొమ్మ పెట్టకుండా బావ తిరిగి రావాలి. అదీ ఆయన కోరిక.

అక్కకి ఫోన్ చేసి చూశాడు. "బావ ఎలా ఉన్నాడే?"

"నువ్వే అడుగు. నంబరు మారలేదు," అంది అక్క.

"నువ్వు కొంచెం నచ్చజెప్పొచ్చుగా."

"నాకు వంటింట్లో బోలెడు పనుందిరా. మీ నత్తల పంచాయితీ నేను చెయ్యలేను. అయినా నువ్వన్నది నత్తని కాదు," అని పెట్టేసింది.

అలా నాలుగో నెల నడుస్తుండగా, ఊరికి ఆ చివర కొత్తగా పెట్టిన ఆస్పత్రి నుంచి ఒక అచ్చు వచ్చింది. పైవరసలో ముందు పన్నుకి క్యాప్ చెయ్యాలి. మేస్త్రి పొట్లం విప్పి అచ్చుని చేతిలోకి తీసుకున్నాడు. తీసుకున్నవాడు అలాగే ఉండిపోయాడు. పక్క పన్ను మీదికి భుజం వేసినట్టు వాలిన ఆ కోరపన్ను, కింద వరసలో ఆ చిన్న సందు. పేరు చదవాల్సిన పని లేదు. పెళ్ళికి ముందు బావ మెట్ల మీద జారిపడి పన్ను విరగ్గొట్టుకుంటే, పెళ్ళిఫోటోలకి బాగుండాలని మొదటి క్యాప్ చేసింది ఈయనే. అది ఇప్పుడు ఊడిపోయినట్టుంది. పని మేస్త్రి చేతికి వెళ్ళకూడదని బావ పంతంకొద్దీ ఊరి ఆ చివరకి వెళ్ళాడు. పాపం, ఆ డాక్టరు పని కూడా ఇక్కడికే వస్తుందని ఆయనకి తెలీదు.

మేస్త్రికి కళ్ళు చెమర్చాయి. ఆ వెంటనే ఒక ఆలోచన కూడా వచ్చింది. ఈ పన్ను బ్రహ్మాండంగా చేసిస్తే బావకి తన చెయ్యి తెలుస్తుంది. మనసు కరుగుతుంది. మాటలక్కర్లేదు, నత్త అక్కర్లేదు. ఇంత చవకలో పని జరిగిపోతుందని ఆయనకి ఎంత సంబరమో చెప్పలేం.

డాక్టరుకి ఫోన్ చేశాడు. "ఈ పన్ను నిటారుగా కాకుండా కొద్దిగా లోపలికి తిప్పి చేస్తానండీ. పక్కవన్నీ అలాగే ఉన్నాయి. తిన్నగా పెడితే ఆ నోట్లో చుట్టంలా ఉంటుంది."

"పేషెంటు కూడా పాతదానిలాగే కావాలన్నారు. అలాగే చెయ్యండి," అన్నాడు డాక్టరు.

మామూలుగా ఒకటికి రెండుసార్లు కాలిస్తే సరిపోయే పన్నుని ఆయన ఎన్నిసార్లు కాల్చాడో. రంగు కుదరలేదని ఒకసారి తీసేశాడు. అంచు దగ్గర సన్నగా మెరుపు రాలేదని మళ్ళీ మొదలుపెట్టాడు. చివరికి దాన్ని దూదిలో పెట్టి పంపించి, ఇంటికొచ్చి కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. ఇక బావ ఫోను రావడమే ఆలస్యం.

బావ ఫోన్ చెయ్యలేదు. అక్క చేసింది.

"పన్ను పెట్టించుకొచ్చారు. ఇంటికి రాగానే నాలుకతో తడిమి చూసుకుని, ఇది నీ తమ్ముడి పనే అన్నారు. అన్నం తింటున్నంతసేపూ తడుముకుంటూనే ఉన్నారు."

"మరి?" అన్నాడు మేస్త్రి, పొంగిపోతూ.

"నీతో ఒక మాట చెప్పమన్నారు. పన్ను చాలా బాగుందట. నత్త ఏదని అడుగుతున్నారు."

మేస్త్రికి ముందు కోపం వచ్చింది. తర్వాత బావ మీద కోపం రావడానికి కారణమేమిటా అని వెతికితే దొరకలేదు. పన్ను మేస్త్రి చేశాడు, నిజమే. కానీ అందరూ వింటుండగా అన్న మాటని దూదిలో చుట్టి పంపిన పన్ను ఎలా చెరుపుతుంది? ఈ ఆలోచన మనకి ఎప్పుడో వచ్చింది. ఆయనకి ఇప్పటికి వచ్చింది.

పొద్దున్నే పెరట్లోకి వెళ్ళాడు. కుండీ అంచు మీద నత్త ఉంది. దగ్గరగా ఫోటో తీసి, తన మొహం తీసేసి, దాన్ని డీపీగా పెట్టాడు. గదికి వెళ్ళేలోపే ఒక డాక్టరు ఫోన్ చేసి, "ఇది మేస్త్రి నంబరేనా అండీ?" అని అడిగాడు. మరొకాయన ఆరోగ్యం బాగుందా అన్నాడు. అన్నిటికీ ఆయన, "అవునండీ, నేనే, పందెంలో ఓడిపోయాను," అని ఓపిగ్గా చెప్పుకున్నాడు. చిత్రమేమిటంటే ఎవరూ పని తగ్గించలేదు.

జడ్జి మేడమ్‌కి కూడా ఫోన్ చేసి, బావని మళ్ళీ గ్రూపులోకి తీసుకోమని బతిమాలాడు. "ఆయన వస్తానంటేనే," అందావిడ. కాసేపటికి గ్రూపులో బావ పేరు కనపడింది. పేరు ఉంది, మాట లేదు. బస్సు చివరి స్టాపుకి చేరే వేళ దాకా మేస్త్రి ఆగాడు. అప్పుడు ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"బావా, ఫోను గట్టిగా పెట్టు. కండక్టరు కూడా వినాలి, సీట్లలో ఉన్నవాళ్ళు కూడా. నత్తకి పళ్ళున్నాయి. వేలకొద్దీ ఉన్నాయి. ఆ మర్నాడే నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. నీ ఉద్యోగాన్ని పట్టుకుని నేనన్న మాట తప్పు. నీ చేతిలో రోజూ ఎంతమంది ప్రాణాలుంటాయో నాకు తెలీక కాదు. నేను ఓడిపోయానని ఆ మాట అన్నాను. క్షమించు."

పంపేసి ఆయన తల ఎత్తాడు. బల్ల మీద ప్లాస్టర్ నోళ్ళన్నీ ఎప్పటిలాగే తెరుచుకుని ఉన్నాయి. ఆ రోజు మేస్త్రికి వాటిలో ఒక్కటైనా ఏదో ఒకటి అంటే బాగుండుననిపించింది.

గ్రూపులో టింగుమని మోగింది.

"సరే, అందరూ సర్దుకుని కూర్చోండి," అంది బావ గొంతు. వెనకాల కండక్టరు నవ్వు వినపడుతోంది. "ఒకసారి గుల్లలోకి దూరి మూత బిగించుకుందంటే, నత్త ఎంతకాలం బయటికి రాకుండా ఉండగలదు?"

మేస్త్రికి టైపు చేసేద్దామనిపించింది. గొంతుతోనే చెప్పాలని కట్టుబాటు కాబట్టి తప్పక చెప్పాడు.

"నాలుగు నెలలు, బావా."

"తప్పు," అంది జడ్జి మేడమ్ వెంటనే. "కొన్ని రకాల నత్తలు ఏళ్ళ తరబడి ఉంటాయి. పుస్తకంలో ఉంది."

"మేడమ్, ప్రశ్న నాది," అన్నాడు బావ. "ఆయన చెప్పిందే కరెక్టు. పాయింటు ఇచ్చెయ్యండి."

మేస్త్రి కళ్ళు తుడుచుకుని, చెయ్యాల్సిన పన్ను చేతిలోకి తీసుకున్నాడు. తర్వాతి ప్రశ్న ఇప్పుడు ఆయన వెయ్యాలి. ఎంత ఆలోచించినా ఏదీ తట్టలేదు. ఇంతలో బస్సు తిరిగొచ్చింది. మందుల షాపు ముందు రెండుసార్లు హారన్ మోగింది. షాపువాళ్ళు విసుక్కున్నారు.