జకరయ్య ప్రార్థన

సిరిసిల్ల పాస్టరు జకరయ్య వారమంతా కూలికి బట్ట నేసే మరమగ్గాలు, సాంచెలు నడుపుతాడు, ఆదివారం వాక్యం చెబుతాడు. నూనె మరకలు వదలని వేళ్లు ఆడిస్తూ, తొలినాటి క్రైస్తవులు ప్రాణం పోయినా కత్తి పట్టలేదని, యుద్ధం పాపమని గొంతు చించుకుంటాడు.

మొన్న శాంతమ్మ తన బిడ్డ రూతును తెచ్చి ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చోబెట్టింది. "రేపు మిల్ట్రీ పరుగుంది అయ్యగారూ. సెలెక్ట్ కావాలని ప్రార్థన చెయ్యుండ్రి." "తుపాకి పట్టే కొలువు మనకెందుకు బిడ్డా?" అన్నాడు జకరయ్య. "మరి మీరిప్పిస్తరా? మీ సాంచెలే సగం బందైనయి గద," అంది రూతు. జకరయ్య ఆ పిల్ల తల మీద చేయి పెట్టి, "క్షేమంగా ఇంటికి చేర్చు తండ్రీ," అన్నాడు. "సెలెక్షన్ ముచ్చట మర్చిపోయిండ్రు," అంది తల్లి. "అది... అది గూడ ఇయ్యి తండ్రీ." శాంతమ్మ గట్టిగా ఆమెన్ అంది. రూతు లేవబోయింది. జకరయ్య చేయి తీయలేదు.