గొంతు పెంచని పెద్దమ్మ

మా పైఇంటి పెద్దమ్మ పోయిన వారం కన్నుమూసింది. కె.ఆర్.పురంలో కూతురింట్లో పొద్దున కాఫీ తాగి, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నదట. మళ్ళీ లేవలేదు. కూతురు ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసు క్యాబ్‌లో ఉన్నాను. "మాయమ్మ పోయినాదక్కా" అన్నది.

ఆమె మాకు చుట్టం కాదు. బెళ్ళందూరు వెనక వీధిలో మూడంతస్తుల ఇంట్లో మేం కింద అద్దెకుండేవాళ్ళం, ఆమె రెండో అంతస్తులో ఉండేది. ఆమెది తాతల నాడే బెంగళూరు చేరిన కుటుంబం. మాది నెల్లూరు. కన్నడం కలిసిన ఆమె తెలుగు మొదట్లో నాకు సగమే అర్థమయ్యేది. గొంతు మాత్రం ఎవరితోనైనా ఒకటే, మెత్తగా. కూరగాయల బండి వీధి మలుపు తిరిగిపోతున్నా కేక వేసేది కాదు. "రేపు రాడా ఏమి?" అనేది. నేను పురిటి నుంచి తిరిగొచ్చాక రోజూ కిందికి దిగి వచ్చి, "బిడ్డ నా దగ్గరుంటాది, నువ్వు నిదానంగా నీళ్ళు పోసుకో పో అమ్మణ్ణీ" అని పాపను తీసుకునేది. ఆ కొత్త ఊళ్ళో నన్ను నిదానంగా ఉండమన్న మనిషి ఆమె ఒక్కతే.

ఆ వానాకాలం బెళ్ళందూరు చెరువు పొంగింది. తెల్లవారేసరికి మా మంచం కోళ్ళు మునిగాయి. మా ఆయన ఆఫీసు పని మీద హైదరాబాదులో ఉన్నాడు. నాలుగు నెలల పాపను భుజాన వేసుకుని మెట్లెక్కుతుంటే పెద్దమ్మ సగం మెట్ల దాకా ఎదురొచ్చింది. కాసేపటికి మా పక్క వాటా దంపతులు, వాళ్ళ అత్తగారు, మేడమీద గదిలో ఒంటరిగా ఉండే సాఫ్ట్‌వేర్ కుర్రాడు అందరూ ఆమె హాల్లో చేరారు. ఇంట్లో కరెంటు లేదు. ఫోన్లకు సిగ్నల్ లేదు. వాన ఆగలేదు. కిటికీలోంచి చూస్తే వీధి ఉండాల్సిన చోట కారు పైకప్పులు కనిపిస్తున్నాయి.

పెద్దమ్మ పొయ్యి మీద రాగి అంబలి కలుపుతోంది. కుర్రాడు ఊరికే ఉండలేక అన్నాడు: "లోకం అంతమైపోయాక మిగిలిన మనుషుల సినిమాలు ఇట్లనే ఉంటాయి పెద్దమ్మా. అందరికీ వండిపెట్టే పెద్దావిడ ఒకరుంటారు. పాపం, ఇంటర్వెల్ లోపే చచ్చిపోతుంది."

అందరం ఉలిక్కిపడ్డాం. ఆమె గరిటె తిప్పుతూనే అడిగింది. "అంతలోపల అందరికీ బువ్వ పెట్టినాదా లేదా? అది చెప్పప్పా."

తాగే నీళ్ళు అడుగంటుతున్నాయి. వీధి చివర అంగడి దాకా వెళ్ళి క్యాన్ తెస్తానని కుర్రాడు లేచాడు. పెద్దమ్మకు ఎందుకో మనసొప్పలేదు. వద్దంటే వినే రకం కాదు అతను. నా చేతుల్లోంచి పాపను తీసుకుని అతని చేతుల్లో పెట్టింది. "ఫస్టు దీన్ని నిద్రబుచ్చప్పా. ఆమేలె పోదువు." చంటిబిడ్డను ఎత్తుకోవడం అతనికి అదే మొదటిసారి. కదలకుండా, ఊపిరి కూడా మెల్లగా తీస్తూ నిలబడిపోయాడు.

పాప ఇంకా నిద్రపోనే లేదు. ఎదుటి ఇంటి ప్రహరీ గోడ మీది వీధికుక్క నీళ్ళలోకి దూకింది. మా గేటు పక్క స్తంభం దగ్గరికి ఈదుతూ వచ్చి, ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని పక్కకు ఒరిగిపోయింది. అరవను కూడా లేదు. స్తంభం నుంచి తెగిన తీగ నీళ్ళలో ఉంది. కరెంటు పోయింది మా ఇంటికే, ఆ తీగకు కాదు. కుర్రాడు పాపను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే వీధి మొదట్లో మా ఆయన కనిపించాడు. వానల వార్త విని మాకోసం ముందు రాత్రే హైదరాబాదులో బస్సెక్కి, మడివాళలో దిగి, అక్కడి నుంచి నడుస్తూ వస్తున్నాడు. నడుం లోతు నీళ్ళు, నెత్తిన బ్యాగు.

బాల్కనీలోకి పరుగెత్తాం. "రావద్దు! ఆగు! కరెంటు!" అని తలా ఒకటి అరిచాం. వాన హోరులో అతనికి గోలే తప్ప మాట అందలేదు. మేం సంతోషంతో పిలుస్తున్నామనుకున్నాడేమో, నవ్వుతూ చెయ్యి ఊపి, ఇంకా త్వరగా నడిచాడు.

పెద్దమ్మ రెండు చేతులూ ఎత్తింది. "అందరూ ఊరికే ఉండండప్పా. అందరూ అరిస్తే ఆయప్ప దాకా అరుపే పోతాది, మాట పోదు." మేం నోళ్ళు మూశాం. ఆమె నా వీపు మీద చెయ్యి వేసింది. "నువ్వొక్కదానివే పిలువు. ఇంట్లో ఎట్ల పిలుస్తావో అట్లనే."

"బావా!" అన్నాను. "నిలబడు!"

నిలబడ్డాడు.

"ఇంగ ఒక్కొక్క మాటే" అన్నది పెద్దమ్మ. నీళ్ళల్లో, అన్నాను. కరెంటు, అన్నాను. మూడోసారి చెప్పాక అతను స్తంభాన్ని చూశాడు, కుక్కను చూశాడు. మెల్లగా వెనక్కి అడుగులు వేసి, పెద్దరోడ్డు వైపు చూపించి, ఎవరికైనా చెప్పి వస్తానని సైగ చేశాడు. మలుపు దాటి కనబడకుండా పోయాడు. అటు వైపు ఇంకెన్ని తీగలు తెగిపడ్డాయో ఎవరికి తెలుసు?

అంతవరకూ నిటారుగా నిలబడ్డ పెద్దమ్మ అప్పుడు బాల్కనీ గోడకు ఆనుకుని కింద కూలబడింది. "నాకూ భయమే అమ్మణ్ణీ" అన్నది. "కానీ భయానికి పీట వేసి కూకోబెడితే అంబలి ఎవరు పోస్తారు?" లేచి అందరికీ గ్లాసుల్లో పోసింది. నేను గ్లాసు పక్కన పెట్టబోయాను. "బిడ్డకు పాలు కావాల. తాగు" అని నేను తాగేదాకా గ్లాసు వదలలేదు. వీధి మలుపు మీదినుంచి నా చూపు మళ్ళించడానికి ఆమె చేసింది అంతే. ఎవరితోనూ అంతా మంచే జరుగుతుందని చెప్పలేదు. తెలియని సంగతి చెప్పే అలవాటు ఆమెకు లేదు.

మధ్యాహ్నానికి కరెంటు వాళ్ళు లైను ఆపారు. ట్రాక్టర్ ఒకటి నీళ్ళు చీల్చుకుంటూ వీధిలోకి వచ్చింది. దాని మీద నిలబడి మా ఆయన ఉన్నాడు. నేను ఏడ్చాను. పెద్దమ్మ అతన్ని చూసి, "తల తుడుచుకో నాయనా, జలుబు చేస్తాది" అన్నది.

ఆ తర్వాత మేం ఇల్లు మారాం, ఆమె కూతురి దగ్గరికి వెళ్ళింది. పాపకు ఏడాది నిండాక చూపించడానికి తీసుకెళ్ళాం. పాప అప్పుడే నిలబడడం నేర్చింది గానీ అడుగు వేయడానికి భయం. ఆ ఇంట్లో పొడుగాటి సన్నటి వరండా ఉంది. పెద్దమ్మ పాపను గోడ దగ్గర నిలబెట్టి, నడుం వంచి, రెండు చేతులూ చాచింది. "రా తల్లీ, రా." పాప ఒక అడుగు వేసింది. ఆమె ఒక అడుగు వెనక్కి జరిగింది. పాప ఇంకో అడుగు వేసింది. చేతులు చాచి, నవ్వుతూ, చప్పుడు లేని పాదాలతో పెద్దమ్మ అలా వెనక్కి జరుగుతూనే పోయింది, వరండా చివర వెలుతురులోకి.