గేటుకు అడ్డంగా నాన్న

మా పిన్నికి కోపం వస్తే నోట గౌరవం ఎక్కువవుతుంది. మామూలప్పుడు "ఒరేయ్" అనే మనిషి "అయ్యా, తమరు" అందంటే మేం చెప్పులు వెతుక్కోవాల్సిందే. ఆ ఆదివారం మా అక్క మొగుణ్ణి, అంటే మా బావని, "అల్లుడుగారూ" అని పిలిచింది.

బావ ఇన్సూరెన్స్ ఏజెంటు. పాలసీలు అంటగట్టడానికి జనానికి కథలు చెప్పీ చెప్పీ చివరికి ఓ నవల రాసి పడేశాడు. ఒక ఆడపిల్ల పెరిగి పెద్దదవడం అందులో కథ. ఆ పిల్ల మా పిన్నే. టెలిఫోన్ ఆఫీసులో ఆపరేటరు ఉద్యోగం వచ్చీ చేరకపోవడం ఆమె జీవితంలో పెద్ద సంగతి. ప్రెస్సుకిచ్చే ముందు ఆమె చెవిన వేద్దామని మా ముందుగదిలో అందర్నీ కూర్చోబెట్టి చదివాడు. నేను తల ఊపుతూనే ఓ కునుకు తీశాను. ఊపు ఆగలేదు గనక ఎవరూ పట్టుకోలేదు.

మెలకువ వచ్చేసరికి నవల్లో ఎర్ర సైకిలు కుర్రాడొకడు ఆఫీసు గేటు దగ్గర నిలబడ్డాడు. వాడి కోసం ఆ పిల్ల ఉద్యోగం వదులుకుంది. తాగొచ్చిన తండ్రి బెల్టు తీశాడు. "ఊళ్లో సమ్మె జరుగుతున్న రోజులవి" అని ఒక్క వాక్యం కూడా ఉంది.

"అల్లుడుగారూ, ఆ సైకిలు అబ్బాయి ఎవరండీ?" అంది పిన్ని.

"కల్పన అత్తయ్యా."

"నాకు సైకిలు రాదు," అన్నాడు బాబాయి మెల్లిగా, ఎవరూ అడక్కుండానే.

"నవలకి సంఘర్షణ ఉండాలి కదా," అన్నాడు బావ.

"సమ్మె సరిపోలేదా తమకి?"

"అది నేపథ్యం అత్తయ్యా. కాలం తెలియడానికి పెట్టాను."

పిన్ని లేచి నిలబడింది.

"నేపథ్యమా? మా నాన్న టెలిఫోన్ స్తంభాలెక్కే లైన్‌మన్. నాకు ఆపరేటరు ఉద్యోగం వచ్చిందని వీధి వీధంతా తిరిగి చెప్పొచ్చింది ఆయనే. కొత్త చెప్పులు కొన్నది ఆయనే. మామూలు రోజులైతే గేటు దాకా తనే తీసుకెళ్లి దింపేవాడు. నేను చేరాల్సిన వారమే నాన్నావాళ్లు సమ్మెకి దిగారు. కొత్తవాళ్లని లోపల కూర్చోబెట్టి పని నడిపేద్దామని పైవాళ్ల ఎత్తు. చేరకపోతే ఉద్యోగం పోతుందన్నారు. వెళ్లాను. గేటుకు అడ్డంగా మనుషులు పడుకుని ఉన్నారు. అందరికంటే ముందు మా నాన్న."

బావ కాగితాలు ఒళ్లో పెట్టుకున్నాడు.

"లోపలికెళ్లాలంటే ఆయన్ని దాటాలి. ఆయన నన్ను చూశాడు. కాళ్లకున్న చెప్పులు చూశాడు. పక్కనున్నాయన 'నీ కూతురేగా, కాస్త జరుగు, పోనీ' అన్నాడు. 'ఇది వెళ్తే మనమంతా ఎందుకు పడుకున్నట్టు?' అన్నాడు నాన్న. నాతో కాదు, ఆయనతో. నేను ఇంటికొచ్చేశాను."

"తరవాత?" అంది అక్క.

"తరవాతేముంది, గెలిచారు. జీతాలు పెరిగాయి. నాన్న మెడలో దండలేశారు. నా కుర్చీలో ఇంకో పిల్ల కూర్చుంది. నేను ఊళ్లోవాళ్ల బట్టలు కుట్టాను."

నాకు ఒళ్లు మండిపోయింది. బావ మీద మండింది గానీ అసలు మంట వేరే. మా ఇంట్లో ఆ సమ్మెని 'తాతయ్య గెలిపించిన సమ్మె' అంటారు. పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎన్నిసార్లు విన్నానో. దండలేసిన ఆ యూనియన్ వాళ్లలో ఒక్కడికైనా, గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగిన పిల్ల గుర్తు రాలేదా? ఆమె పోగొట్టుకున్నది ఏ బేరంలో లెక్కకొచ్చింది? పైవాళ్లు ఆమెని పావుగా వాడారు, మనవాళ్లు ఊసే ఎత్తలేదు. ఇప్పుడు బావ వచ్చి సైకిలు అంటగట్టాడు.

"ఆయన తాగలేదు. నా మీద ఏనాడూ చెయ్యెత్తలేదు," అంది పిన్ని. గౌరవం జారిపోయి గొంతు మామూలైంది. "ఆ ఏడు కాక ఇంకే ఏడైనా అయ్యుంటే మా ఇద్దరికీ గొడవే వచ్చేది కాదురా. ఆ గొడవ తెచ్చినదాన్ని ఒక్క ముక్కలో తోసేసి, మా నాన్న చేతికి బెల్టు ఇస్తావా? రేపు అచ్చయ్యాక ఆయన తాగుబోతు, నేను లేచిపోబోయినదాన్ని. అంతేగా?"

బావ కాగితాలు సర్దుకున్నాడు. "బెల్టు తీసేస్తాను. కుర్రాణ్ణీ తీసేస్తాను. గేటే రాస్తాను. కానీ అత్తయ్యా, చివర్లో ఆయన లేచి దారిచ్చినట్టు రాస్తే ఎంత బాగుంటుందో. చదివినవాళ్లకి కళ్లు చెమరుస్తాయి."

"ఆయన లేవలేదు. నువ్వు లేపకు."

"మరి మీకు ఆయన మీద కోపం..."

"ఉంది. ఆయన పోయేదాకా ఆ మాట ఇద్దరం ఎత్తలేదు. ఆయన చేసింది తప్పని నేననను. నాకు జరిగింది న్యాయమని నువ్వు రాయకు."

బావ అక్కడే నేల మీద చతికిలబడి సైకిలు కుర్రాణ్ణి కొట్టెయ్యడం మొదలెట్టాడు. వాడు చాలా పేజీల్లో ఉన్నాడు. పిన్ని కుర్చీ దగ్గరగా లాక్కుని, ఎక్కడా మిగలకుండా కాపలా కూర్చుంది.